విశాఖలో ఒక రోజు భూచరిత్ర నడక: తెన్నేటి పార్కు రాళ్ల నుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద చాలామంది ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగుతారు, ఫోటోలు దిగుతారు, పావుగంటలో మళ్లీ బండెక్కేస్తారు. ఆ నేలకు ఇంకో మూడు గంటలు ఇవ్వండి అని అడగడానికే ఇది రాస్తున్నాను. అంతకుమించి, దిబ్బలకు వెళ్లే ముందు కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రాళ్ల దగ్గర ఒక గంట ఆగమని కూడా అడుగుతాను. దిబ్బల్లో కనిపించే ఇసుక, దాని రంగు ఇలాంటి కొండరాళ్ల నుంచి వచ్చినవే. రాయిని చూడనివాళ్లకు దిబ్బలు ఎర్రటి గోడల్లాగే మిగిలిపోతాయి.

ఈ ఒక్క రోడ్డు మీద నాలుగు కాలాలు వరసగా దొరుకుతాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటి రాయి, ఇరవై వేల ఏళ్లకు అటూ ఇటూగా పేరుకున్న ఇసుక, రెండు వేల ఏళ్ల కిందట మనుషులు కొండను తొలిచి చేసిన తొట్లు, ఈ పూట కెరటం ఒడ్డున పరిచిన నల్ల ఇసుక. పాత దానితో మొదలుపెట్టి కొత్త దాని దాకా నడవాలి. అలా వెళితే భీమిలి వైపు ఒకసారి పోయి, కొంత దూరం వెనక్కి రావాల్సి వస్తుంది. అయినా ఈ వరస మార్చవద్దు.

ఏ రోజు వెళ్లాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే దిబ్బల మధ్య గోతుల్లో ఎండ గోడల మీద పడి మళ్లీ మన మీదికి కొడుతుంది, గాలి ఆడదు. పిల్లలతో అసలు వద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఏదైనా ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

గట్టి వాన పడ్డాక కనీసం నాలుగు రోజులు ఆగండి. వాన వెలిసిన వెంటనే దిబ్బలు చాలా అందంగా ఉంటాయన్నది నిజమే, కానీ నీరు తాగిన ఇసుక గోడ ఎప్పుడు విరిగి పడుతుందో చెప్పలేం.

రెండోది ఆటుపోట్లు. చివరి మజిలీ మంగమారిపేట ఒడ్డు కాబట్టి సాయంత్రం నాలుగు ప్రాంతంలో నీరు వెనక్కి తగ్గి ఉండే రోజు ఎంచుకోవాలి. విశాఖ పోర్టుకు సంబంధించిన ఆటుపోట్ల సమయాలు ఫోన్‌లో సులువుగా దొరుకుతాయి. ఆటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ ఆదివారం కుదరకపోతే వచ్చే ఆదివారానికి పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీరు మామూలు కంటే ఎక్కువ దిగుతుంది కాబట్టి ఒడ్డు రాళ్లు బాగా బయటపడతాయి. మళ్లీ ఎక్కేటప్పుడు కూడా అంతే ఎత్తుకు వస్తుందని మరవద్దు.

ఎవరితో వెళ్లాలి

ఒంటరిగా వెళ్లవద్దు. ఎనిమిది నుంచి పన్నెండు మంది, వాళ్లలో దారి తెలిసిన ఒకరు, రాయి తెలిసిన ఒకరు ఉండాలి. రెండూ ఒకరికే తెలిసి ఉంటే ఇంకా మంచిది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగం ఉంది. అక్కడ పీజీ చదివే విద్యార్థులు, చదివి బయటకు వచ్చినవాళ్లు చాలామంది ఈ తీరమంతా తిరిగినవాళ్లే. అలాంటివారిని ముందే అడిగి, వాళ్ల సమయానికి తగిన డబ్బు ఇచ్చి పిలవండి. జాలరిపేటల్లో పెద్దవాళ్లకు తీరం గురించి, గాలి గురించి, ఏ గెడ్డ (వాగు) ఎప్పుడు పొంగుతుందో అన్నదాని గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వాళ్లలో ఒకరు అరపూట తోడు వస్తే నడక విలువ రెట్టింపవుతుంది.

గైడ్‌గా నడిపించేది మీరే అయితే ఒక మాట. ప్రతి మజిలీ దగ్గర మొదటి ఐదు నిమిషాలు ఏమీ చెప్పకండి. అందర్నీ చూడనివ్వండి, ఏం కనిపించిందో అడగండి, ఆ తర్వాతే వివరించండి. ముందే చెప్పేస్తే వాళ్లు మీ మొహం చూస్తారు, రాయిని చూడరు.

సంచిలో ఏముండాలి

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. టోపీ, పూర్తి చేతుల చొక్కా, పట్టు ఉన్న బూట్లు. చెప్పులతో ఇసుక వాలు మీద జారిపోతారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి, చిన్న అయస్కాంతం ఒకటి, టైలర్ టేపు, తెల్ల గుడ్డ ముక్క, నోట్‌బుక్, పెన్సిల్. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి వాడండి, లేకపోతే అంటుకున్న ఇసుకను వదిలించడం కష్టం. ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. సుత్తి తీసుకెళ్లవద్దు. ఈ నడకలో ఏ రాయినీ పగలగొట్టే పని లేదు, ఇసుకను ఇంటికి తెచ్చే పని అంతకన్నా లేదు.

డ్రోన్ కూడా ఇంట్లోనే ఉంచండి. దిబ్బల పక్కనే ఐఎన్ఎస్ కళింగ, నౌకాదళ స్థావరం. అటువైపు కంచె దగ్గరకు పోవడం, ఫోటోలు తీయడం చేయకూడదు.

మొదటి మజిలీ: తెన్నేటి పార్కు కింద రాళ్లు (ఉదయం 6 గంటలు)

సూర్యుడు సముద్రంలోంచి లేచేసరికి అక్కడ ఉండండి. వెలుగు ఏటవాలుగా పడే ఆ గంటలోనే రాతి మీద గీతలు, మడతలు స్పష్టంగా కనిపిస్తాయి. నాచు పట్టిన రాళ్ల మీదికి పోవద్దు, కెరటం తడిపే గీతకు ఇవతలే ఉండండి.

ఈ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే కోందు గిరిజనుల పేరు మీద ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్టిన పేరిది. కైలాసగిరి, సింహాచలం కొండలు, తొట్లకొండ అన్నీ ప్రధానంగా ఈ రాయే. ఒడిశాలో కోణార్క్ ఆలయం కట్టింది కూడా దీనితోనే. బయటకు తుప్పు రంగులో, గుంటలు గుంటలుగా, పాతబడిన గోడలా ఉంటుంది. అది చూసి వెళ్లిపోవద్దు. సహజంగా ఈ మధ్య విరిగిన ముఖం ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. భూతద్దం పెట్టి చూస్తే ముదురు ఎరుపు చుక్కలు కనిపిస్తాయి, ఆవగింజంత మొదలు శనగగింజంత దాకా. అవి గార్నెట్. తెల్లగా సన్నటి పోగుల్లా ఉన్నది సిల్లిమనైట్. వెండిలా మెరిసే చిన్న రేకులు గ్రాఫైట్, మన పెన్సిల్‌లో ఉండేదే.

ఈ మూడు ఖనిజాలు కలిసి ఒక పెద్ద సంగతి చెబుతాయి. సిల్లిమనైట్ పుట్టాలంటే రాయిలో అల్యూమినియం బాగా ఉండాలి, అది అంతగా పోగయ్యేది బంకమట్టిలో. గ్రాఫైట్ అంటే కార్బన్, ఆనాటి బురదలో కలిసిన సేంద్రియ పదార్థానికి అది గుర్తని భావిస్తారు. అంటే మనం నిలబడ్డ ఈ కొండ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. ఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు ఆ బురద పాతిక కిలోమీటర్లకు పైగా లోతుకు పోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో కరగీ కరగకుండా మగ్గింది. గార్నెట్ అక్కడే పుట్టింది. ఇది జరిగి సుమారు 100 కోట్ల ఏళ్లు. ఆ తర్వాత పైనున్న కిలోమీటర్ల మందం అరిగిపోగా, లోతున ఉన్నది ఈ రోజు మన కాళ్ల కిందికి వచ్చింది.

రాతిలో పొరల్లాంటి చారలు ఏ దిక్కుగా పోతున్నాయో ఫోన్‌లోని దిక్సూచితో చూడండి. మొత్తం తూర్పు కనుమల్లో ఆ చారల నడక ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటుంది. మన తీరరేఖ కూడా ఆ దిక్కుగానే సాగుతుంది. ఇదే వయసు, ఇదే రకం రాళ్లు తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోయినప్పుడు తెగిన అంచే ఈ తూర్పు తీరం.

కాలాన్ని కాళ్లతో కొలవడం

100 కోట్లు అన్న మాట నోటికి సులువు, మనసుకు అందదు. అందుకే పార్కు దగ్గరున్న ఫుట్‌పాత్ మీద ఈ చిన్న పని తప్పక చేయండి. ఒక మిల్లీమీటరు అంటే వెయ్యి ఏళ్లు అనుకుందాం. అప్పుడు ఒక కిలోమీటరు 100 కోట్ల ఏళ్లు అవుతుంది. మ్యాపులో సరిగ్గా కిలోమీటరు కొలిచి, చివరి బిందువు దగ్గర సుద్దతో గీత గీసి, మొదటి నుంచి నడుచుకుంటూ రండి.

మొదలుపెట్టిన చోట ఖోండలైట్ భూమి లోపల మగ్గుతోంది. తర్వాత చాలాసేపు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, మాట్లాడకుండా నడవనివ్వండి. 870 మీటర్ల దగ్గర భారతదేశం, అంటార్కిటికా విడిపోతాయి. 934 మీటర్ల దగ్గర డైనోసార్లు పోతాయి. గీత ఇక 66 మీటర్ల దూరంలోనే ఉంది. మనలాంటి మనుషులు పుట్టేది చివరి 30 సెంటీమీటర్లలో. అక్కడ అందర్నీ కూర్చోబెట్టి టేపు పరవండి. ఎర్రమట్టి దిబ్బల ఇసుక చివరి రెండు సెంటీమీటర్లలోపు. తొట్లకొండ బౌద్ధ భిక్షువులు చివరి రెండు మిల్లీమీటర్లు. విశాఖ పోర్టు, స్టీల్ ప్లాంటు, ఈ రోడ్డు అన్నీ సుద్ద గీత మందంలో ఉన్నాయి.

భూమి పుట్టుక ఎక్కడ అని ఎవరైనా అడుగుతారు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు, అంటే గీత నుంచి నాలుగున్నర కిలోమీటర్ల వెనక. ఓపిక ఉన్నవాళ్లు ఇంకో రోజు అక్కడి నుంచి నడవవచ్చు.

రెండో మజిలీ: ఎర్రమట్టి దిబ్బలు (7.45 నుంచి 10.45 దాకా)

తెన్నేటి పార్కు నుంచి రుషికొండ మీదుగా గంటలోపే దిబ్బలకు చేరవచ్చు. భీమిలి వెళ్లే ఆర్టీసీ సిటీ బస్సులు ఈ రోడ్డు మీదుగానే పోతాయి. టిఫిన్ రుషికొండ దగ్గర ముగించండి. దిబ్బల లోపల తినే పని పెట్టుకుంటే కవర్లు, కాగితాలు అక్కడే మిగులుతాయి.

ఇవి తీరం వెంట సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. వెడల్పు చోటుని బట్టి కొన్ని వందల మీటర్ల నుంచి రెండు కిలోమీటర్ల దాకా. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులోని తేరి ప్రాంతంలో, శ్రీలంకలో, ఇక్కడ ఉన్నాయి. ఇది జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

లోపలికి దిగే ముందు రోడ్డు పక్కన ఆగి మ్యాపులో పిన్ పెట్టండి. తలలు లెక్కపెట్టండి. ఈ గోతులు చెట్టు కొమ్మల్లా చీలతాయి. పైకి పోయేకొద్దీ ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతాయి. కిందికి వచ్చేకొద్దీ అన్నీ కలిసి ఒకటవుతాయి. దారి తప్పినట్టు అనిపిస్తే గోడలెక్కి చూసే ప్రయత్నం వద్దు. టెన్షన్ పడకుండా నీరు పారిన వాలు వెంట కిందికి నడవండి, వచ్చిన పెద్ద గోతిలోకే చేరతారు. లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి చీలిక దగ్గర వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. తిరుగు దారిలో మీ కళ్లకు కనిపించేది ఆ వైపే.

నడవాల్సింది గోతి అడుగున, ఇసుక మీద. ఎందుకో ఒక చిన్న పరీక్షతో చూపించవచ్చు. గోతి అడుగున పొడి ఇసుక దోసెడు తీసుకుని నెమ్మదిగా ఒకేచోట పోయండి. చిన్న కుప్ప అవుతుంది. ఎంత పోసినా దాని వాలు ఒక హద్దు దాటదు, ఫోన్‌లోని కోణమానినితో కొలిస్తే 30 నుంచి 34 డిగ్రీల మధ్య వస్తుంది. థార్ ఎడారిలోని ఇసుక తిన్నె జారుడు వైపు వాలు కూడా అంతే. ఇప్పుడు తలెత్తి గోడ చూడండి. అదీ ఇసుకే, అయినా నిట్టనిలువుగా నిలబడింది. ఆ తేడా తెచ్చింది కాలం. వేల ఏళ్ల పాటు వాన నీరు దిగుతూ, ఆరుతూ ఉంటే రేణువుల మధ్య బంకమట్టి, ఇనుప ఆక్సైడ్ చేరి వాటిని అతికించాయి. పైన గట్టిగా పెచ్చులా కనిపించే పొర ఆ అతుకే. ఒక్కసారి బూటు కాలితో ఎక్కితే పెచ్చు ఊడుతుంది, కింద ఇసుక మళ్లీ 34 డిగ్రీల ఇసుకే. తర్వాతి వాన పని మొదలుపెట్టేది ఆ అడుగు పడ్డ చోట నుంచే. శిఖరాల మీద నిలబడి ఫోటో దిగాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. గైడ్ అన్నవాడు దానికి గట్టిగా అడ్డు చెప్పాలి.

ఇక గోడను చదవడం. మంచి ఎత్తున్న గోడ ఎంచుకుని కనీసం పది అడుగుల దూరంలో ఆగండి. ముందుకు వాలిన అంచు కింద ఎవరినీ నిలబడనివ్వకండి. అడుగు నుంచి పైకి నాలుగు రకాలు ఉంటాయని భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. అన్నిటికంటే కింద పసుపు ఇసుక, దానిపైన గట్టి ముద్దలున్న ఎరుపు గోధుమ ఇసుక, దానిపైన ఇటుక రంగు ఇసుక, అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక. నాలుగూ ఒకే గోడలో కనిపించవు. గోతి ఎంత లోతు కోసిందో అంతే కనిపిస్తుంది. అందుకే నడుస్తూ నోట్‌బుక్‌లో ముక్కలు ముక్కలుగా గీసుకుని కలుపుకోవాలి. ఈ పని పిల్లలు పెద్దవాళ్ల కంటే బాగా చేస్తారు.

ఇంత ఇసుక ఎక్కడిది? ఇరవై వేల ఏళ్ల కిందట భూమి మీద మంచు యుగం పరాకాష్టలో ఉంది. నీరు ఉత్తరాన మంచుగా బిగుసుకుపోవడంతో సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి పోయింది. భీమిలి ఒడ్డున నిలబడితే సముద్రం కనుచూపు మేరలో ఉండేది కాదు, పదుల కిలోమీటర్ల ఇసుక మైదానం ఉండేది. కొండల నుంచి గెడ్డలు తెచ్చిన ఇసుక, సముద్రం వదిలిపోయిన ఇసుక పొడిగా, చెట్టూ చేమా అంతగా లేకుండా పడి ఉంటే గాలి దాన్ని లోపలికి ఎత్తి పోసింది. ఈ దిబ్బల వయసుగా ఎక్కువగా చెప్పే లెక్క 12,000 నుంచి 18,500 ఏళ్లు. గాలి, గెడ్డ, సముద్రం మూడింటి చేయీ ఇందులో ఉంది. గాలి చేసిన పనిని గుర్తుపట్టడం ఎలాగంటే, గాలి గులకరాళ్లను మోయలేదు, సన్నటి దుమ్మును ఆగనివ్వదు. అందుకే గాలి పోసిన చోట రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. భూతద్దం కింద చిటికెడు ఇసుక పెట్టి చూడండి.

ఇలాంటి ఇసుక వయసు కట్టే పద్ధతి ఒకటి తెలుసుకోదగ్గది. క్వార్ట్జ్ (ఇసుకలో ఎక్కువగా ఉండే గట్టి ఖనిజం) రేణువు పూడిపోయి చీకట్లో ఉన్నంత కాలం చుట్టూ ఉన్న ఖనిజాల నుంచి వచ్చే అతి స్వల్ప రేడియోధార్మికత శక్తిని తనలో దాచుకుంటుంది. ఎండ తగిలిన క్షణంలో ఆ నిల్వ చెరిగిపోతుంది. అందుకే గోడలోంచి ఇసుకను చీకటిగా ఉండే గొట్టంలో తీసి, ప్రయోగశాలలో దాని మీద వెలుగు వేసి, అది తిరిగి వెలువరించే కాంతిని కొలుస్తారు. ఆ రేణువు చివరిసారి సూర్యుడిని ఎప్పుడు చూసిందో అలా తెలుస్తుంది. దీన్ని ల్యూమినిసెన్స్ పద్ధతి అంటారు.

ఎరుపు సంగతి ఇప్పుడు. గాలి ఈ ఇసుకను ఎర్రగా తేలేదు. వచ్చినప్పుడు అది మామూలు ఒడ్డు ఇసుకలాగే ఉండి, తర్వాత ఎర్రబడింది. పొద్దున తెన్నేటి పార్కు దగ్గర చూసిన గార్నెట్ గుర్తుందిగా, అందులో ఇనుము ఉంది. ఇల్మనైట్ లాంటి నల్ల ఖనిజాల్లోనూ ఉంది. ఖోండలైట్ అరిగి, అవన్నీ ఇసుకలో కలిసి ఇక్కడికి చేరాయి. ఒక కాలం వాన, ఒక కాలం ఎండ ఉండే మన వాతావరణంలో అవి కుళ్లి, వాటి ఇనుము హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడ్‌గా మారి ప్రతి క్వార్ట్జ్ రేణువు చుట్టూ పల్చటి పూతలా పట్టింది. గోతి అడుగున రాలిన ఇసుకను తడి చేసి తెల్ల గుడ్డ మీద రుద్దితే పూత గుడ్డకు అంటుకుంటుంది, రేణువు లేతగా బయటపడుతుంది. పైన ఉన్న లేత పసుపు పొర వయసులో చిన్నది, ఇంకా అంత ఎర్రబడలేదు.

ఇక్కడ ఎవరో ఒకరు "ఇది ఎడారా?" అంటారు. చూడటానికి అలాగే ఉంటుంది. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటును ఎడారి అంటాం. విశాఖలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. గాలి పేర్చిన వరకే ఇది ఎడారి కథ. ఇప్పుడు మన చుట్టూ ఉన్న ఆకారాలన్నీ, లోయలు, స్తంభాలు, కత్తి అంచుల్లాంటి గట్లు, వాన చెక్కినవి. వాన చుక్క రేణువును ఎగరగొడుతుంది, చిన్న పాయ దాన్ని మోస్తుంది, పాయలు కలిసి గోతిని కోస్తాయి, గోతి తన తల వైపు ఏటేటా వెనక్కి తింటూ పోతుంది. ఎక్కడ తింటోందో చూడాలంటే ఏదైనా ఒక కొమ్మ గోతి చివరికి వెళ్లి, దూరంగా నిలబడి అక్కడి తాజా విరుగుడు చూడండి.

జీడిమామిడి చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతూ కనిపిస్తే ఆగండి. ఆ చెట్టు మొలిచినప్పుడు నేల వేరు మొదలు దగ్గర ఉంది. ఇప్పుడు ఉన్న నేలకు, ఆ మొదలుకు మధ్య ఎత్తు టేపుతో కొలిచి, చెట్టు వయసు ఊరివాళ్లను అడిగి భాగిస్తే, ఏడాదికి ఎంత నేల పోతోందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పరికరాలేమీ అక్కర్లేని ఈ కొలత నాకు చాలా ఇష్టం. చెట్లు పీకినచోట, యంత్రంతో చదును చేసినచోట పక్కనే ఇదే కొలత చేసి చూడండి. సహజంగా పోయే నేలకు, మనం పోగొట్టే నేలకు తేడా ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

బయటకు వచ్చే దారిలో గోతి అడుగున నల్లటి చారలు చూడండి. వాన నీరు తేలిక రేణువులను ముందుకు మోసి, బరువైన ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్‌లను వెనక వదిలేసింది. కవర్లో చుట్టిన అయస్కాంతం ఆడిస్తే మాగ్నటైట్ అతుక్కుంటుంది. చూశాక కవరు విప్పి అక్కడే రాల్చేయండి. పదకొండు లోపు అందరూ రోడ్డు మీద ఉండాలి, మళ్లీ తలలు లెక్కపెట్టండి.

మధ్యాహ్నం

భీమిలి వెళ్లి భోజనం చేసి, నీడలో రెండింటి దాకా విశ్రాంతి తీసుకోండి. చలికాలంలో ఈ రోడ్డు పక్కన తేగలు అమ్ముతారు, కొనండి. నోట్‌బుక్‌లు తెరిచి ముక్కలుగా గీసిన గోడలను ఒక్క బొమ్మగా కలపడానికి ఇదే సమయం.

మూడో మజిలీ: తొట్లకొండ

వెనక్కి నగరం వైపు వస్తే రోడ్డు పక్కన 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ. తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి. 1976లో నౌకాదళం విమాన సర్వే చేసినప్పుడు ఈ బౌద్ధ స్థలం బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అవన్నీ బోర్డుల మీద చదువుకోవచ్చు. మన నడకకు కావాల్సింది కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు.

ఖోండలైట్ ఉలికి లొంగే రాయి. చారల వెంట చీలుతుంది, వాతావరణం తగిలిన భాగం మెత్తబడి ఉంటుంది. కొండ మీద బావికి నీరు అందదు కాబట్టి వాన నీటిని పట్టి ఏడాదంతా వాడుకోవడానికి ఈ తొట్లు చేశారు. వాటి అంచుల దగ్గర వంగి ఒక ప్రశ్న వేసుకోండి: రెండు వేల ఏళ్లలో ఈ అంచు ఎంత అరిగింది? దిబ్బల్లో ఒక్క వానాకాలంలో కూలే గోడలను పొద్దున చూసి వచ్చారు. రాయికి, ఇసుకకు కాలం ఒకేలా నడవదని అర్థమయ్యే చోటు ఇది. కొండ మీదున్న మహాస్తూపాన్ని మాత్రం ఈ లెక్కలోకి తీసుకోకండి. 2019 అక్టోబరు వానలకు అందులో కొంత కూలితే మళ్లీ కట్టారు.

కొండ మీద నుంచి సముద్రం వైపు చూస్తే తీరం ఈశాన్యంగా సాగిపోవడం, కొండల వరస దానికి సమాంతరంగా నడవడం ఒకే చూపులో కనిపిస్తాయి. పొద్దున దిక్సూచితో చూసిన దిశను ఇక్కడ మళ్లీ సరిచూసుకోండి.

నాలుగో మజిలీ: మంగమారిపేట ఒడ్డు

తొట్లకొండ కిందే మంగమారిపేట. ఆటు వేళకు ఇక్కడి సహజ శిలాతోరణం దగ్గరకు నడవవచ్చు. కెరటం రాతి బలహీనమైన భాగాన్ని రెండు వైపులా తొలిచి, మధ్యలో గట్టి భాగాన్ని వంపుగా వదిలింది. దాని మీద ఎక్కవద్దు, కింద కూర్చోవద్దు. నీరు తిరిగి ఎక్కడం మొదలవగానే వెనక్కి వచ్చేయండి. ఒకరికి ఆ కాపలా పని అప్పగిస్తే మిగతావాళ్లు నిశ్చింతగా చూడవచ్చు.

తర్వాత కెరటం వెనక్కి జారే చోట ఇసుక మీద చారలు వెతకండి. నల్లవి ఇల్మనైట్, గులాబీ రంగువి గార్నెట్. విశాఖ నుంచి భీమిలి దాకా ఈ ఒడ్డంతా ఇలాంటి బరువు ఖనిజాలకు పేరున్నదే. చిటికెడు గులాబీ ఇసుక భూతద్దం కింద పెడితే ఒక్కొక్క రేణువూ వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. పాతిక కిలోమీటర్ల లోతున 100 కోట్ల ఏళ్ల కిందట పుట్టిన గార్నెట్టే అది. నల్ల చారల్లో అయస్కాంతం ఆడించి, దిబ్బల్లో అంటుకున్నదానితో పోల్చి చూడండి.

మళ్లీ వెళ్లడానికి

ఈ నడక ఒక్కసారితో పూర్తికాదు. దిబ్బల్లో మీరు తీసిన ఫోటోల్లో మూడు చోట్లు ఎంచుకోండి: ఒక గోతి తల, ఒక నిలువు గోడ, వేళ్లు బయటపడ్డ ఒక చెట్టు. మ్యాపులో ఆ చోట్ల పిన్‌లు, ఫోటో తీసిన దిక్కు, తేదీ నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. వచ్చే వానాకాలం ముగిశాక అదే చోట, అదే దిక్కుకు, టేపు పక్కన పెట్టి మళ్లీ తీయండి. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే గోతి తల ఎంత వెనక్కి పోయిందో అంగుళాల్లో తెలుస్తుంది. నాలుగైదేళ్లు వరసగా ఇలా చేసిన బడి పిల్లల బృందం చేతిలో ఉండే రికార్డు, దిబ్బల రక్షణ గురించి మాట్లాడేటప్పుడు కలెక్టర్ ఆఫీసులో కూడా పనికొస్తుంది. రాతి వైపు ఇంకా తెలుసుకోవాలనిపిస్తే తర్వాతి రోజు బొర్రా గుహలకు పెట్టుకోండి. అక్కడ ఇదే కనుమల్లో సున్నపురాతిని నీరు ఎలా కరిగించిందో చూడవచ్చు. రైలులో పోతే దారి పొడవునా కొండ కోసిన చోట్ల ఖోండలైట్ చారలు కిటికీలోంచి కనిపిస్తాయి.